సైకిల్ క్లాసు చెప్పేవాళ్ల చదువు ఎప్పటికి పూర్తవుతుంది?

ఇండోర్ సైక్లింగ్ అనగానే హైదరాబాద్‌లోని రంగు లైట్ల స్టూడియోలు, పాతికేళ్ల ఐటీ ఉద్యోగులు గుర్తొస్తారు. నిజామాబాద్, బోధన్‌లలో సంగతి వేరు. ఇక్కడ జిమ్ములో ఓ మూలన వరుసగా నిలబెట్టిన స్పిన్ బైకులే క్లాసు. వాటి మీదికి ఎక్కేవాళ్లు ఎలాంటివాళ్లో ఆలోచించండి. ఖలీల్‌వాడిలో డాక్టరుకు చూపించుకుని, 'బరువు తగ్గకపోతే గోలీలు పెంచాల్సి వస్తుంది' అనిపించుకున్న కిరాణా వ్యాపారి. రెండో కాన్పయ్యాక నడుం నొప్పితో వచ్చిన టీచరమ్మ. దుబాయ్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చి, చెల్లెలి పెళ్లిలోపు పొట్ట కరగాలని పట్టుబట్టే తమ్ముడు. షుగరు ఫ్యాక్టరీ రోజుల్లో ఒళ్లొంచి పనిచేసి, ఇప్పుడు కుర్చీకి అలవాటుపడిన శక్కర్‌నగర్ పెద్దాయన.

2023 జూన్‌లో భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త అధ్యయనం వెలువడింది. మన పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం ఉందని, మరో 15.3 శాతం మంది దాని అంచున ఉన్నారని, 35.5 శాతం మందికి బీపీ ఉందని తేల్చింది. ఈ లెక్కన పది మంది ఉన్న క్లాసులో ముగ్గురు నలుగురికి బీపీ ఉండొచ్చు. ఒకరిద్దరికి షుగరు ఉండొచ్చు. తమకు ఉన్నట్టు వాళ్లకే తెలియకపోవచ్చు కూడా. అలాంటి క్లాసు ముందు నిలబడి 'ఇంకా గట్టిగా తొక్కండి' అనే మనిషికి ఎప్పుడో చేసిన రెండు రోజుల కోర్సు చాలుతుందా అన్నదే ప్రశ్న. చాలదని నా గట్టి నమ్మకం. ఎందుకు చాలదో ఒక్కో విషయం తీసుకుని చెప్తాను.

ముందు యంత్రం గురించి కొంచెం. దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సైక్లిస్టు జానీ గోల్డ్‌బర్గ్ 1980ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో ఈ పద్ధతికి రూపమిచ్చాడు. 1990ల మధ్యలో ష్విన్ కంపెనీ బైకులు తయారుచేయడంతో అది ప్రపంచమంతా పాకింది. మామూలు వ్యాయామ సైకిలుకూ దీనికీ ఉన్న అసలు తేడా ముందు భాగంలోని బరువైన చక్రంలో ఉంది. చాలా మోడళ్లలో పెడళ్లు ఆ చక్రానికి నేరుగా బిగించి ఉంటాయి. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. రోడ్డు మీద సైకిల్‌లా కాళ్లు ఆపి ఊరుకుందామంటే కుదరదు. కొత్తగా వచ్చినవాళ్లు అలసిపోయి కాలు తీయబోతే తిరుగుతున్న పెడల్ పిక్కకు కొడుతుంది. అందుకే మొదటి రోజు చెప్పాల్సిన మొదటి మాట, ఎర్ర నాబ్‌ను కిందికి నొక్కితే చక్రం ఆగుతుందన్నది. పాట పెట్టడం ఆ తర్వాత.

రెండోది సీటు. బైకు పక్కన నిలబడితే సీటు ఇంచుమించు తుంటి ఎముక ఎత్తులో ఉండాలి. ఎక్కి కూర్చుని పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు పూర్తిగా చాచుకోకూడదు, 25 నుంచి 35 డిగ్రీల వంపు మిగలాలి. సీటు మరీ కిందికుంటే మోకాలి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. మరీ పైకుంటే తుంటి అటూ ఇటూ ఊగి నడుం పట్టేస్తుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లకు హ్యాండిల్ పైకి లేపాలి. ఇదంతా మనిషికి రెండు నిమిషాల పని. క్లాసుకు ముందు ఆ రెండు నిమిషాలు పెట్టని శిక్షకుడి దగ్గర మోకాళ్లు గుంజుతున్నాయని మానేసేవాళ్లు ఎక్కువ. వాళ్లు శిక్షకుణ్ని తప్పు పట్టరు. సైక్లింగ్ తమకు పడదని అనుకుని వ్యాయామానికే దూరమవుతారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

ఈ రెండూ మొదటి కోర్సులోనే నేర్పుతారు. మరి మళ్లీ మళ్లీ నేర్చుకోవాల్సింది ఏముంది? శరీరం గురించి శాస్త్రం చెప్పే మాటలే మారుతున్నాయి.

గుండె వేగం సంగతే చూడండి. '220లోంచి వయసు తీసేయండి, అదే మీ గుండె గరిష్ఠ వేగం' అని జిమ్ముల గోడల మీద ఇప్పటికీ చార్టులు వేలాడుతున్నాయి. 1970ల మొదట్లో వైద్యులు అప్పటికి అందుబాటులో ఉన్న లెక్కలను కలిపి వేసిన ఉజ్జాయింపు అది. దానికోసం ప్రత్యేకంగా పరిశోధన జరగలేదు. 2001లో తనాకా బృందం చాలా అధ్యయనాలను కలిపి చూసి ఇంకో సూత్రం ఇచ్చింది: వయసును 0.7తో గుణించి, ఆ వచ్చినదాన్ని 208లోంచి తీసేయాలి. అరవై ఏళ్ల మనిషికి పాత లెక్కలో 160 వస్తే కొత్త లెక్కలో 166 వస్తుంది. అంతకంటే ముఖ్యం, ఏ సూత్రమైనా మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ అవుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువే. ఆ అంకెను వేదవాక్కుగా పట్టుకుని ఒకరిని తరమడం, ఇంకొకరిని ఆపడం రెండూ తప్పే.

మన క్లాసులో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్ గోలీలు వాడేవాళ్లు చాలామంది. ఆ మందు గుండె వేగాన్ని పెరగనివ్వదు, దాని పనే అది. అలాంటి మనిషి తన శక్తినంతా పెట్టి తొక్కుతున్నా చేతి వాచీలో 115 దగ్గరే ఆగిపోవచ్చు. చార్టు మాత్రమే చదివిన శిక్షకుడు, 'అన్నా, 140 కూడా రాలేదు, బద్ధకిస్తున్నావు, రెండు మలుపులు బిగించు' అంటాడు. ఆయన సిగ్గుపడి బిగిస్తాడు. అప్పటికే అంచున ఉన్న మనిషిని అంచు దాటించే మాట అది. చదువు కొనసాగించినవాడు వాచీని పక్కన పెట్టి, మనిషికి ఎంత కష్టంగా తోస్తోందో అడుగుతాడు. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నర్ బోర్గ్ రూపొందించిన కొలబద్ద ఇందుకే ఉంది. దాన్ని సున్నా నుంచి పది దాకా కుదించి వాడుకోవచ్చు. ఇంకా తేలిక మార్గం మాట పరీక్ష. తొక్కుతూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థం. రెండు మాటలకే దమ్ము వస్తోందంటే తీవ్రం. బీపీ గోలీ వేసుకునేవాళ్లకు మధ్యస్థం చాలు, డాక్టరు ప్రత్యేకంగా అంతకుమించి తొక్కమంటే తప్ప.

గర్భిణుల విషయంలోనూ శాస్త్రం మాట ఇలాగే మారింది. 1985లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం, గర్భిణి గుండె వేగం 140 దాటకూడదని గీత గీసింది. 1994లో ఆ గీతను తానే చెరిపేసింది. కానీ 140 మాట మాత్రం నోటి నుంచి నోటికి ఇంకా తిరుగుతోంది. ప్రాణాపాయంలో చేసే సీపీఆర్ తీరు కూడా మారింది. ముందు శ్వాస మార్గం, తర్వాత శ్వాస, ఆపైన ఛాతీ నొక్కులు అనేది పాత వరుస. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పెద్దవాళ్ల విషయంలో నొక్కులను ముందుకు తెచ్చింది. 2015లో నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటకుండా అని స్పష్టం చేసింది. 2008లో నేర్చుకుని ఆగిపోయిన శిక్షకుడు ఈరోజు తన క్లాసులో ఎవరైనా కుప్పకూలితే తొలి క్షణాలు వృథా చేస్తాడు. అది అతని తప్పు కూడా కాదు, అతనికి ఆనాడు నేర్పింది అదే.

చెరకు రైతుకు ఈ మాట కొత్త కాదు. రుద్రూర్ పరిశోధన కేంద్రం వాళ్లు కొత్త రకం గురించో, తెగులు గురించో చెప్తే వింటాడు, తాత నాటినట్టే నాటుతానని మొండికేయడు. మొక్క విషయంలో ఉన్న ఆ వివేకం మనిషి గుండె విషయంలో ఎందుకు ఉండకూడదు?

ఇప్పుడు ఆ దుబాయ్ తమ్ముడి సంగతి. పెళ్లికి ఇరవై రోజులే ఉంది. మొదటి రోజే ముప్పావు గంట, పాటలు హోరెత్తుతుంటే పక్కవాడికి తీసిపోకుండా తొక్కాడనుకోండి. మర్నాడు తొడలు రాళ్లలా బిగుసుకుని, వాచి, మెట్లెక్కలేకపోతే 'కొత్తలో మామూలే, రేపు కూడా రా' అనే సలహా దొరుకుతుంది. చాలాసార్లు అది మామూలు నొప్పే. కానీ కొన్నిసార్లు కాదు. అలవాటు లేని పెద్ద కండరాలను ఒక్కసారిగా మితిమీరి వాడితే కండర కణాలు చిట్లి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలోకి దిగి మూత్రపిండాలను దెబ్బతీయొచ్చు. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. 2017లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక వ్యాసం స్పిన్ క్లాసుల తర్వాత ఇలా ఆసుపత్రి పాలైనవాళ్ల కేసులను వివరించింది. వాళ్లలో ఎక్కువమంది తొక్కింది మొదటి క్లాసే. ముసలివాళ్లేమీ కాదు, ఆరోగ్యంగా ఉన్న యువతే.

మూడు గుర్తులు శిక్షకుడికి కంఠస్థం కావాలి. మామూలుకు మించిన నొప్పి, తొడల వాపు, కోలా రంగులోనో చిక్కటి డికాషన్ రంగులోనో మూత్రం. ఇవి ఒకటి నుంచి మూడు రోజుల్లో కనపడతాయి. కనపడగానే ఆసుపత్రికి పోవాలి. అక్కడ క్రియేటిన్ కైనేజ్ రక్త పరీక్ష చేస్తారు, సెలైన్ ఎక్కిస్తారు. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ గోలీ కొని వేసుకుని సరిపెట్టుకోవడం ఇందులో మరీ ప్రమాదం, అసలే దెబ్బతిన్న మూత్రపిండాల మీద అది ఇంకో భారం. మొదటి వారం క్లాసులు సగం సేపే ఉండాలనీ, కొత్తవాళ్లు లేచి నిలబడి తొక్కే భాగాల్లో కూర్చునే ఉండాలనీ ఒక నియమం పెడితే ఇందులో చాలా భాగం తప్పుతుంది. డబ్బు కట్టినవాడు పూర్తి క్లాసు అడుగుతాడు. కాదని చెప్పగలగాలంటే శిక్షకుడికి ఎందుకో తెలిసి ఉండాలి.

ఎండ మన జిల్లాకు మరో లెక్క. మేలో నిజామాబాద్ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు. తొక్కేటప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తిలో పావు వంతు కూడా పెడల్‌కు చేరదు, మిగతాదంతా వేడే. పెడల్ మీద వంద వాట్లు పడుతున్నాయంటే ఒంట్లో మూడు వందల వాట్లకు పైగా వేడి పుడుతోంది. రోడ్డు మీద తొక్కేవాడికి ఎదురుగాలి తగిలి చెమట ఆరుతుంది. గదిలో గాలి కదలదు, చెమట ఆరకుండా నేల మీద కారుతుంది, ఒళ్లు చల్లబడదు. ఫ్యాన్లు అలంకారం కాదు, బైకుల ఎదురుగా ఉండాల్సిన రక్షణ. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వేసవి మొదట్లో తీవ్రత తగ్గించి మెల్లగా పెంచాలి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్లు సాయంత్రం నాలుగింటి క్లాసుకు రావడం కంటే ఇఫ్తార్ అయ్యాక, కొంత తిని నీళ్లు తాగి రావడం మేలు. బోధన్‌లో క్లాసు నడిపేవాడు ఆ నెలకు టైమ్‌టేబులే మార్చుకోవాలి. కాలిఫోర్నియాలో అచ్చైన పుస్తకంలో ఈ పేజీ ఉండదు. ఇక్కడివాళ్లు ఇక్కడివాళ్లకు నేర్పుకోవాల్సిన చదువు ఇది.

షుగరు పడిపోవడం గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, గ్లిమెపిరైడ్ లాంటి గోలీలు వాడేవాళ్లకు వ్యాయామంతో రక్తంలో చక్కెర బాగా దిగిపోవచ్చు. 70 కంటే కిందికి పోతే చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, మనిషి అయోమయంగా చూస్తాడు. స్పిన్ క్లాసులో అందరికీ చెమటే, అందరికీ వణుకే. కాబట్టి చెమట చూసి పట్టుకోలేం. లయ తప్పిన కాలు, పిలిస్తే పలకని చూపు, అర్థం లేని చిరాకు, వీటిని పట్టుకోవాలి. అందుకు శిక్షకుడు బైకు దిగి వరుసల మధ్య తిరగాలి. తానే చెమటోడ్చి తొక్కుతూ అద్దంలో తనను తాను చూసుకునేవాడికి ఇవి కనపడవు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు క్లాసుకు ముందు షుగరు 90 లోపు ఉంటే కొంచెం తిని మొదలుపెట్టమంటారు. మధ్యలో పడిపోతే వెంటనే ఆపి, 15 గ్రాముల గ్లూకోజు, అంటే నీళ్లలో కలిపిన మూడు చెంచాల చక్కెర తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. జిమ్ము అల్మారాలో ప్రొటీన్ పొడి డబ్బాలుంటాయి. వాటి పక్కన గ్లూకోజు పొట్లం, గ్లూకోమీటరు ఉన్నాయా అని చూడండి. కాళ్ల తిమ్మిర్లు ఉన్నవాళ్లకు పుండు పడినా తెలియదు, వాళ్లను చెప్పులతోనో వట్టికాళ్లతోనో ఎక్కనివ్వకూడదు.

చెవిపెట్టి వినాల్సింది ఇంకొకటి ఉంది. మన దగ్గర గుండె నొప్పి తన పేరుతో రాదు. 'సార్, ఛాతీలో మంట, గ్యాస్ అనుకుంటా', 'ఎడమ చెయ్యి లాగుతోంది, నిన్న మూట మోశాను' అని వస్తుంది. దవడ నొప్పి అంటారు, ఊరికే ఆయాసం అంటారు. ఆడవాళ్లలో ఇలా దారితప్పించే లక్షణాలు ఇంకా ఎక్కువ. సోడా తాగి కూర్చోమనే శిక్షకుడికీ, ఆ క్షణమే ఆపించి 108కి ఫోన్ చేసే శిక్షకుడికీ మధ్య తేడా కోర్సు పుస్తకంలో ఆ పేజీని ఎన్నాళ్ల క్రితం చదివారన్నదే. క్లాసు చివర ఐదు నిమిషాలు తేలిగ్గా తొక్కించకుండా ఒక్కసారిగా దింపేస్తే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి, బీపీ గోలీలు వాడేవాళ్లకు మరీను. పాట అయిపోయిందని క్లాసు అయిపోదు.

మరి ఈ చదువు ఎలా సాగాలి? అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ప్రతి రెండేళ్లకు 20 గంటల శిక్షణ చూపించాలి, సీపీఆర్ అర్హత చెల్లుబాటులో ఉండాలి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ తన ట్రైనర్లను మూడేళ్లకు 45 క్రెడిట్లు అడుగుతుంది. మన డాక్టర్లకు కూడా ఐదేళ్లకు 30 గంటలు చదువు కొనసాగించాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెప్పింది. డాక్టరుకు ఉన్నట్టు ట్రైనర్‌కు మన దేశంలో తప్పనిసరి లైసెన్సు లేదు. జాతీయ నైపుణ్యాభివృద్ధి వ్యవస్థ కింద క్రీడా, ఫిట్‌నెస్ రంగానికి ఒక నైపుణ్య మండలి ఉంది, ఫిట్‌నెస్ ట్రైనర్‌కు ప్రమాణాలు రాసింది. అది చదవడం ట్రైనర్ ఇష్టం. అడగడం యజమాని ఇష్టం. నిజం చెప్పాలంటే క్రెడిట్ల పేరుతో అమ్మే కోర్సుల్లో సగం పాటల జాబితాలు, కొత్త స్టెప్పులు. బైకు మీద పుషప్‌లు, చేతుల్లో డంబెల్స్ పట్టుకుని తొక్కడం లాంటివి చూడటానికి బాగుంటాయి, ఒంటికి చేసే మేలు తక్కువ, పట్టు తప్పించే ప్రమాదం ఎక్కువ. వాటికి డబ్బు పెట్టే ముందు సీపీఆర్‌కు, షుగరు, బీపీ ఉన్నవాళ్ల వ్యాయామానికి, మోకాలు, నడుం పాఠానికి పెట్టాలి.

నిజామాబాద్‌కు శిక్షణ విలువ తెలియక కాదు. సంసముద్దీన్ లాంటి కోచ్ దగ్గర ఇక్కడే బాక్సింగ్ మొదలుపెట్టిన నిఖత్ జరీన్ తర్వాత విశాఖపట్నంలో ఐ.వెంకటేశ్వర రావు చేతిలోకి వెళ్లింది. భుజం గాయంతో దాదాపు ఏడాది బరికి దూరమై, తిరిగొచ్చి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. సంసముద్దీన్ కొడుకు హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో మోకాలి గాయంతో సెమీఫైనల్ ఆడలేక కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. ఒక మోకాలు ఎంత విలువైనదో నిజామాబాద్‌కు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. క్రీడాకారుల చుట్టూ ఫిజియోథెరపిస్టు, డాక్టరు, పై స్థాయి కోచ్ ఉంటారు. కిరాణా వ్యాపారి చుట్టూ ఉన్నది జిమ్ము ట్రైనర్ ఒక్కడే.

ఆ ఒక్కడు హైదరాబాద్ పోయి కోర్సు చేయాలంటే ఫీజు, బస్సు, రెండు రోజుల క్లాసులు పోవడం, అన్నీ అతని చిన్న జీతంలోంచే. నా అభిప్రాయంలో ఈ ఖర్చు యజమాని పెట్టాలి. కొత్త బైకు కొనడానికి వెనకాడని చోట, ఆ బైకుల ముందు నిలబడే మనిషికి ఏడాదికి ఒక కోర్సు కొనడానికి వెనకాడకూడదు. అన్నిటికీ హైదరాబాదే పోనక్కర్లేదు కూడా. నిజామాబాద్‌లోనే ప్రభుత్వ వైద్య కళాశాల, జనరల్ ఆసుపత్రి ఉన్నాయి, ఖలీల్‌వాడి నిండా డాక్టర్లున్నారు. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ ట్రైనర్లు కలిసి నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక ఫిజియోథెరపిస్టునో, షుగరు డాక్టరునో పిలిచి రెండు గంటలు కూర్చోవచ్చు, తెలుగులో, బోధన్‌లో అయితే ఉర్దూలోనూ. శరీర నిర్మాణం వీడియోలో నేర్చుకోవచ్చు. సీపీఆర్ మాత్రం బొమ్మ మీద చేతులతో నొక్కితేనే వస్తుంది. పైగా నేర్చుకున్న కొన్ని నెలలకే ఆ పట్టు సడలుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. రెండేళ్ల సర్టిఫికెట్ ఉన్నా మూడు నాలుగు నెలలకోసారి బొమ్మ ముందు మోకరిల్లాల్సిందే.

ఫీజు కట్టే ముందు మీరూ అడగండి: చివరిసారి ఏ కోర్సు చేశారు, ఎప్పుడు? సీపీఆర్ ఎవరికి వచ్చు? మొదటి రోజు సీటు ఎవరు సరిచేస్తారు? ఏ మందులు వాడుతున్నారని ఫారంలో అడిగారా? అడగకపోతే మీరే చెప్పండి. వాడే గోలీల పట్టీని ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి, డాక్టరు నంబరు, ఇంట్లోవాళ్ల నంబరు రాసివ్వండి. 'అవన్నీ ఎందుకన్నా, తొక్కితే అన్నీ పోతాయి' అన్నారంటే, ఇంకో జిమ్ము చూసుకోండి.